మన వాహనం: ముందు చక్రాల డ్రైవ్ షాఫ్ట్‌ను ఇంటి వద్ద మార్చుకోవచ్చునా?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. "స్టీరింగును పూర్తిగా త్రిప్పి కారును ముందుకు నడిపితే చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తున్నది. మెకానిక్ చూసి యాక్సిల్ పోయింది, మార్చాలి అన్నాడు. ఆ పని మేమే ఒక ఆదివారం ఇంటి వద్ద చేసుకోవచ్చునా?" అని దాని సారాంశం. ఇంజనీర్లు, టెక్నీషియన్లు, ఆ వాతావరణంలో పెరిగిన పిల్లలు నివసించే మన టౌన్‌షిప్పులలో ఇటువంటి ఉత్సాహం సహజమే, అభినందనీయమే.

చేసుకోవచ్చును. అయితే ఒక నియమం ఉన్నది. కర్మాగారం గేటు లోపల మనం పాటించే క్రమశిక్షణనంతటినీ ఇంటి గేటు లోపలికి కూడా తీసుకొనిరావాలి. ప్రతి సంవత్సరం మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినోత్సవం నాడు మనమంతా చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాము. హెల్మెట్ లేకుండా షాపు లోపలికి అడుగు పెట్టము. పర్మిట్ లేకుండా పంపు కప్లింగు విప్పము. అదే మనిషి ఆదివారంనాడు కారుతోపాటు వచ్చిన జాకీ ఒక్కదానిని నమ్ముకొని ఆరు వందల కిలోల బరువు క్రిందికి తల దూర్చుతాడు. ఇంటి వద్ద పర్మిట్ మీద సంతకం చేసే అధికారి లేడు, తనిఖీకి వచ్చే సేఫ్టీ ఆఫీసరు లేడు. ఆ రెండు బాధ్యతలను కూడా పని చేసేవాడే వహించాలి. ఈ వ్యాసంలో పనిముట్ల వివరాలతోపాటు ఈ విషయాన్ని పదే పదే ప్రస్తావించడానికి కారణం ఇదే.

షాఫ్ట్ చేసే పని

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో ఇంజను ముందుండేది, చక్రాలను నడిపే శక్తి వెనుకకు వెళ్ళేది. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనుక డిఫరెన్షియల్, దానికి రెండు వైపులా యాక్సిళ్ళు ఉండేవి. వెనుక చక్రాలు ప్రక్కకు తిరిగే పని లేదు కనుక ఆ ఏర్పాటు సులభంగా ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో మన రోడ్ల మీద సామాన్యుని కారు స్వరూపమే మారిపోయింది. 1981లో ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడిన మారుతి ఉద్యోగ్ మన వంటి సంస్థలకు సోదర సంస్థే. ప్రభుత్వం తన చివరి వాటాను 2007లో విక్రయించింది. 800 నమూనా ఉత్పత్తి 2014లో ఆగిపోయినా, అది అలవాటు చేసిన ముందు చక్రాల చోదనం నిలిచిపోయింది. నేడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో అత్యధిక భాగం ఇదే పద్ధతిలో నడుస్తున్నవి. ఈ పద్ధతిని అనుసరించే విద్యుత్ కార్లలో సైతం మోటారుకు, చక్రానికి మధ్య ఇదే షాఫ్ట్ ఉంటుంది.

ముందు చక్రాన్ని నడపడంలోని చిక్కు ఏమిటంటే, ఆ చక్రం మూడు పనులు ఒకేసారి చేయాలి. ఇంజను ఇచ్చే టార్కును గ్రహించి తిరగాలి. గతుకులలో పైకీ క్రిందికీ కదలాలి. స్టీరింగు త్రిప్పినప్పుడు ముప్పది డిగ్రీలకు మించి ప్రక్కకు వంగాలి. ఇంత కోణంలోనూ శక్తి ఒడిదుడుకులు లేకుండా అందాలి.

వెనుక చక్రాల కార్ల ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో మెకానిక్‌లు 'క్రాస్' అని పిలిచే యూనివర్సల్ జాయింట్ ఉంటుంది. పదిహేడవ శతాబ్దంలో రాబర్ట్ హుక్ వర్ణించిన జాయింట్ ఇదే. మనం కళాశాలలో చదివిన లెక్కను ఒకసారి గుర్తుకు తెచ్చుకుందాము. ఇటువంటి జాయింట్ ఒక్కటే ఉన్నప్పుడు, లోపలి షాఫ్ట్ సమవేగంతో తిరిగినా బయటి షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. కోణం 30 డిగ్రీలైతే వేగం 0.866 రెట్లకు తగ్గి, 1.155 రెట్లకు పెరుగుతుంది. మారుతి 800 కారుకు ఉండే 145/70 ఆర్ 12 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 630 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు ఇరవై ఒక్కసారి కుదుపు! మలుపులలో వేగం ఇంతకన్న తక్కువే ఉండవచ్చును గాని, అక్కడ కూడా ఆ కుదుపు స్టీరింగు పట్టుకున్న చేతులకు తెలియకపోదు.

ఈ ఇబ్బందిని తొలగించినది సమవేగ జాయింట్. దీనినే మనం సీవీ జాయింట్ అంటున్నాము. 1920ల చివరి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు రూపొందించిన అమరికలో ఒక గిన్నె, దాని లోపల ఒక గోళాకారపు భాగం, రెండింటి గాళ్ళ మధ్య ఆరు ఉక్కు గుండ్లు, వాటిని పట్టి ఉంచే ఒక పంజరం ఉంటాయి. కోణం ఎంత మారినా ఆ గుండ్లు ఎల్లప్పుడు రెండు షాఫ్ట్‌ల మధ్య కోణాన్ని సరిగా సగం చేసే తలంలోనే నిలుస్తాయి. అందువల్ల రెండు వైపులా వేగం సమానంగా ఉంటుంది. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఈ జాయింట్‌తో విజయవంతం కావడంతో, చిన్న కార్లకు ఇది రాజమార్గమైనది. చక్రం వైపు ఈ గుండ్ల జాయింట్, గేర్‌బాక్స్ వైపు సాధారణంగా మూడు రోలర్లు గల మరొక జాయింట్ ఉంటాయి. ఆ మూడు రోలర్ల జాయింట్ లోపలికీ బయటికీ జరుగుతూ, గతుకులలో మారే పొడవును సర్దుకుంటుంది.

రోగం మొదలయ్యేది రబ్బరులో

ఇంత చక్కని యంత్రభాగం ఎందుకు చెడిపోతుంది? చాలా సందర్భాలలో లోపం ఉక్కుది కాదు. ప్రతి జాయింట్ మీద మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. దానిని 'బూటు' అంటారు. లోపలి గ్రీజును బయటికి పోనీయకుండా, బయటి దుమ్మును, నీటిని లోపలికి రానీయకుండా కాపాడేది అదే. ఎండకు, ఇంజను వేడికి రబ్బరు గట్టిపడి, మడతల లోతులో సన్నని చీలిక పడుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీజు ఆ చీలిక గుండా చిమ్ముకొని పోతుంది. దాని స్థానంలో ఇసుక, వాననీరు చేరుతాయి. గ్రీజులో కలసిన ఇసుక ఆకురాయి పొడి వలె పని చేసి గుండ్ల గాళ్ళను అరగదీస్తుంది. ఆ అరుగుదలే మనకు టకటకమని వినిపిస్తుంది.

ఇందులో గమనించవలసిన ఆర్థిక విషయం ఉన్నది. బూటు, గ్రీజు కిట్టు వెల చిన్న కార్లకు వందల రూపాయలలో ఉంటుంది. షాఫ్ట్ మొత్తం వెల వేలలోకి పోతుంది. మన పంపులకు, కన్వేయర్లకు ఉన్న కప్లింగుల విషయంలో కూడా అనుభవం ఇదే. సీలు మార్చడం ఒక షిఫ్టు పని. సీలు మార్చకపోతే కప్లింగే పోతుంది, దానితోపాటు ఉత్పత్తి పోతుంది. బూటు చిరిగిన సంగతి చప్పుడు రాకముందే కనిపెడితే, జాయింట్‌ను శుభ్రంగా కడిగి, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన సరియైన గ్రీజు నింపి, క్రొత్త బూటు తొడిగితే చాలును. చప్పుడు మొదలైన తరువాత బూటు మార్చడం వలన ప్రయోజనం లేదు. అరిగిన గాడి మరల నిండదు.

నిర్ధారణ ముందు, పానా తరువాత

విప్పడానికి ముందు రోగం సరిగా గుర్తించాలి. ఖాళీ మైదానంలో స్టీరింగును ఒక వైపుకు పూర్తిగా త్రిప్పి, మెల్లగా యాక్సిలరేటరు నొక్కుతూ వలయాకారంగా నడపండి. తరువాత రెండవ వైపు త్రిప్పి నడపండి. తిరుగుతున్నప్పుడు మాత్రమే టకటక వినిపిస్తే బయటి జాయింట్ అరిగినట్లు అనుమానించవచ్చును. సాధారణంగా మలుపులో బయటివైపు ఉండే చక్రం దగ్గర అది ఎక్కువగా వినిపిస్తుంది. అయితే చెవిని మాత్రమే నమ్మవద్దు. బూటు చిరిగి ఉన్నదా, చక్రం లోపలి అంచున గ్రీజు చిమ్మిన గుర్తులున్నవా, షాఫ్ట్‌ను చేతితో పట్టుకొని అటూ ఇటూ మెలివేస్తే అధికమైన ఆట ఉన్నదా అని చూడాలి.

తిన్నగా వెళ్తూ వేగం పెంచినప్పుడు కారు అదిరితే లోపలి జాయింట్ మీద దృష్టి పెట్టాలి. వేగంతోపాటు పెరిగే ఎడతెగని హోరు అయితే అది చాలావరకు వీల్ బేరింగుది; దానికి షాఫ్ట్ మార్చితే డబ్బు దండుగ. గతుకులలో మాత్రమే వచ్చే గడగడ సస్పెన్షన్‌ది. "రెండు వైపులా మార్చాలి" అని ఎవరైనా చెప్పినప్పుడు రెండవ వైపు లోపం ఏమిటో చూపించమని అడగండి. ఒక వైపు అరిగినంత మాత్రాన రెండవ వైపు మార్చవలసిన అవసరం లేదు.

పనికి ముందు ఏర్పాట్లు

స్థలం: సిమెంటు చేసిన సమతలం తప్పనిసరి. మట్టి నేల, పరచిన ఇటుకలు, వాలుగా ఉన్న గ్యారేజి దారి పనికిరావు.

ఆధారం: కారుతోపాటు ఇచ్చే జాకీ దారిలో టైరు మార్చుకోవడానికి మాత్రమే ఉద్దేశించినది. దానితో ఎత్తవచ్చును గాని, దాని మీద బరువును నిలిపి పని చేయరాదు. కారు బరువుకు తగిన సామర్థ్యం గల రెండు ఉక్కు స్టాండ్లు కావాలి. వాటిని తయారీదారు సూచించిన చోట్ల మాత్రమే ఉంచాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా కొయ్య దిమ్మలు అడ్డు పెట్టాలి. ముందు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు గేరు వేసినా కారు కదలకుండా ఆపదని గుర్తుంచుకోవాలి. ఆపగలిగినవి హ్యాండ్ బ్రేకు, ఈ దిమ్మలు మాత్రమే.

కొన్నేళ్ళ క్రితం మా టౌన్‌షిప్‌లో జరిగిన సంఘటన ఒకటి చెబుతాను. ఒక సహోద్యోగి ఇంటి ముందు, వాన వెలిసిన మరునాడు, ఆయన కుమారుడు ఇదే పని మొదలుపెట్టాడు. స్టాండ్లు లేవు. అక్కడ నిలబడి చూస్తున్న పదవీ విరమణ చేసిన ఖలాసీ ఒకరు ఊడదీసిన చక్రాన్ని తెచ్చి కారు అంచు క్రిందికి తోశారు. "బరువు గాలిలోకి లేచిందంటే దాని క్రింద రెండో ఆధారం ఉండాల్సిందే బాబూ" అన్నారట. హబ్‌లో బిగుసుకున్న షాఫ్ట్ మీద సుత్తి దెబ్బలు పడుతుండగా తడి నేలలో జాకీ ఒరిగిపోయింది. కారు ఆ చక్రం మీద కూర్చున్నది. ఆ అబ్బాయి చేయి అప్పుడు హబ్ వెనుక ఉన్నది. చక్రం వెడల్పు ఇచ్చిన ఖాళీయే ఆ చేతిని కాపాడింది. క్రేన్ల క్రింద ముప్పది ఏళ్ళు పని చేసిన ఆ ఖలాసీకి మన సేఫ్టీ మాన్యువల్‌లోని పేజీ సంఖ్య తెలియకపోవచ్చును. సూత్రం మాత్రం ఆయన చేతులలో ఉన్నది. స్టాండ్లు ఉన్నప్పటికీ, ఊడదీసిన చక్రాన్ని కారు అంచు క్రింద ఉంచడం మంచి అలవాటు.

సామగ్రి: క్రొత్త షాఫ్ట్, క్రొత్త హబ్ నట్టు, గేర్‌బాక్స్ ఆయిల్ సీల్, లోపలి కొన మీద ఉండే లాక్ రింగు, మాన్యువల్‌లో సూచించిన గ్రేడు గేర్ ఆయిల్ ముందే తెచ్చుకోవాలి. ఇంజను అడ్డంగా అమర్చిన కార్లలో గేర్‌బాక్స్ ఒక ప్రక్కకు ఉంటుంది కనుక చాలా నమూనాలలో కుడి, ఎడమ షాఫ్ట్‌ల పొడవు వేరు. కొనేటప్పుడు ఏ వైపుదో, ఏ సంవత్సరపు నమూనాకో, ఏబీఎస్ ఉన్నదో లేదో స్పష్టంగా చెప్పాలి. టార్క్ రెంచి లేనివారు అద్దెకో ఎరువుకో తెచ్చుకున్న తరువాతే పనికి దిగాలి. కళ్ళకు అద్దాలు, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు ధరించాలి. ప్రక్కన ఒక మనిషి తోడుండాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

విప్పే క్రమం

మొదట చక్రం నేల మీద ఉండగానే హబ్ మధ్యనున్న పెద్ద నట్టును సడలించాలి. ఈ నట్టు అంచును షాఫ్ట్ గాడిలోనికి కొట్టి వంచి ఉంటారు; కొన్ని నమూనాలలో స్ప్లిట్ పిన్ ఉంటుంది. వంచిన అంచును సన్నని ఉలితో ముందుగా ఎత్తాలి. ఒకరు లోపల కూర్చొని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచితే, పొడవైన హ్యాండిల్‌తో నట్టు కదులుతుంది. స్టాండ్ల మీద నిలిపిన కారును ఇంత బలంతో ఊపడం ప్రమాదకరం కనుకనే ఈ పని నేల మీద చేస్తాము. నట్టు సడలిన తరువాత కారును ఒక్క అడుగు కూడా దొర్లించరాదు. వీల్ బేరింగును బిగించి పట్టి ఉంచేది ఆ నట్టే.

చక్రం నట్లను కూడా కొద్దిగా సడలించి, కారును ఎత్తి స్టాండ్ల మీద దింపి, చేతులతో ఊపి చూడాలి. చలించకపోతే చక్రం తీయవచ్చును.

తరువాత గేర్ ఆయిల్. ఇక్కడ అనుభవజ్ఞులు పాటించే ఒక నియమం ఉన్నది. నూనె నింపే ప్లగ్ సులభంగా వస్తుందని నిర్ధారించుకున్న తరువాతే క్రింది డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. పైది బిగుసుకుపోయి, క్రిందిది తీసివేసిన కారు ఇంటి ముందు వారాల తరబడి కదలక నిలిచిపోతుంది. తీసిన నూనెను డబ్బాలో పట్టి, వాడిన నూనెలు సేకరించే అధీకృత సంస్థకు అందజేయాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి వాడిన నూనెను ఆ కోవలోనే చేర్చింది. మన కర్మాగారంలో కాలువలోనికి పోయనిదానిని ఇంటి కాలువలోనికి పోయడం తగదు.

ఇప్పుడు హబ్ బయటికి జరగడానికి చోటు కల్పించాలి. చిన్న కార్లలో లోయర్ ఆర్మ్ చివరనున్న బాల్ జాయింట్‌ను నకిల్‌కు పట్టి ఉంచే బోల్టు తీసి, ఆర్మ్‌ను క్రిందికి నొక్కడం సులభమైన మార్గం. పైన స్ట్రట్ బోల్టులు విప్పితే చక్రం కోణం మారి, తరువాత అలైన్‌మెంట్ చూపించుకోవలసి వస్తుంది. నకిల్‌ను బయటికి త్రిప్పేటప్పుడు బ్రేకు హోస్ మీద బరువు పడరాదు. ఏబీఎస్ తీగ లాగబడరాదు.

షాఫ్ట్‌ను హబ్ నుండి వెనుకకు నెట్టేటప్పుడు నట్టును మరల చివరి వరకు త్రిప్పి ఉంచితే మరలు దెబ్బ తినవు. ఇత్తడి కడ్డీ, లేదా కొయ్య ముక్క అడ్డు పెట్టి మెల్లగా కొట్టాలి. హబ్ వైపు విడివడిన తరువాత, గేర్‌బాక్స్ వైపు జాయింట్ గిన్నెకు, గేర్‌బాక్స్ ఒడ్డుకు మధ్య సన్నని లివర్‌ను ఆనించి ఒక్క ఉదుటున తోస్తే లాక్ రింగు విడిచి షాఫ్ట్ బయటికి వస్తుంది. షాఫ్ట్ మధ్యభాగం పట్టుకొని లాగితే లోపలి జాయింట్ రోలర్లు విడిపోతాయి గాని గేర్‌బాక్స్ నుండి రాదు. లివర్ కొన ఆయిల్ సీల్‌కు తగలకుండా చూడాలి.

అమర్చే క్రమం

పాత షాఫ్ట్‌ను, క్రొత్త షాఫ్ట్‌ను ప్రక్క ప్రక్కన నేల మీద పెట్టి పోల్చాలి. పొడవు, రెండు కొనల పళ్ళ సంఖ్య, మరల కొలత, సీల్ ఆనే భాగపు వ్యాసం, ఏబీఎస్ రింగు అన్నీ సరిపోవాలి. ఈ ఐదు నిమిషాల పోలిక ఐదు గంటల శ్రమను కాపాడుతుంది.

ఆయిల్ సీల్‌ను మార్చి, దాని పెదవికి పలుచగా గ్రీజు రాయాలి. క్రొత్త లాక్ రింగు అమర్చి, షాఫ్ట్‌ను పళ్ళు కలిసేటట్లు నిటారుగా లోపలికి తోయాలి. పళ్ళు సీల్ పెదవిని గీరకుండా చేయి ఊతగా పెట్టాలి. లాక్ పడినప్పుడు చిన్న చప్పుడు వినిపిస్తుంది. తరువాత గిన్నెను పట్టుకొని వెనుకకు లాగి చూడాలి. రాకపోతే లాక్ పడినట్లే. బయటి కొనను హబ్‌లోనికి చేర్చి, బాల్ జాయింట్‌ను దాని స్థానంలో కూర్చోబెట్టి, బోల్టును మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాలి. ఆ బోల్టు కూర్చునే గాడి బాల్ జాయింట్ కాడ మీద ఉంటుంది. కాడ సరిగా లోపలికి వెళ్ళనిదే బోల్టు దూరదు. దూరకపోతే సుత్తితో కొట్టకుండా కాడను సరిచేయాలి. చక్రం ఊడి ప్రక్కకు ఒరగకుండా నిలిపేది ఈ చిన్న బోల్టే.

ఒక నట్టు కథ

ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యమైనది హబ్ నట్టు. చిన్న కార్లలో దీని టార్కు నమూనాను బట్టి సాధారణంగా 150 నుండి 250 న్యూటన్-మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు సంఖ్యను మాన్యువల్‌లోనే చూడండి. ఉదాహరణకు 200 న్యూటన్-మీటర్లనుకుందాము. అర మీటరు హ్యాండిల్ చివర సుమారు 40 కిలోల బలంతో ఇది వస్తుంది. అదే నట్టుకు మీటరు పొడవు గొట్టం తొడిగి 70 కిలోల మనిషి దాని కొన మీద నిలబడితే 690 న్యూటన్-మీటర్ల వరకు పోతుంది. కావలసినదానికి మూడు రెట్లకు పైగా అన్నమాట. మరలు సాగిపోయేది, తరువాత ఎప్పుడో తెగిపోయేది ఇలాగే.

తక్కువైతే మరొక ప్రమాదం. 20 మిల్లీమీటర్ల వ్యాసం గల మరను 200 న్యూటన్-మీటర్లకు బిగిస్తే, మనం వాడుకలో తీసుకునే 0.2 గుణకం ప్రకారం, లోపల సుమారు 50 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 5 టన్నుల పట్టు ఏర్పడుతుంది. బేరింగు లోపలి రింగులను ఒకదానితో ఒకటి చేర్చి ఉంచేది ఆ పట్టే. అది తగ్గితే బేరింగులో ఆట వస్తుంది, పళ్ళు అరుగుతాయి, నట్టు మెల్లమెల్లగా వదులవుతుంది. చేతి అంచనాతో బిగించి జీవితమంతా తప్పు చేయని మేస్త్రీలు ఉన్నారు. వారి చేతిలో వేల నట్ల జ్ఞాపకం ఉన్నది. ఏడాదికి ఒక నట్టు బిగించే మనకు టార్క్ రెంచే దిక్కు.

పాత నట్టును మరల వాడరాదు. ఒకసారి వంచి, ఎత్తిన అంచు రెండవసారి అదే చోట వంచితే పగులుతుంది. క్రొత్త నట్టును, చక్రం గాలిలో ఉండగా తోడు మనిషి బ్రేకు తొక్కి ఉంచినప్పుడు, మితమైన బలంతో బిగించి హబ్‌ను చేర్చాలి. చక్రం తొడిగి, కారును నేలకు దింపి, దొర్లించకుండానే పూర్తి టార్కుకు బిగించాలి. ఆ వెంటనే అంచును గాడిలోనికి మొద్దు పోటుతో వంచాలి. లేదా స్ప్లిట్ పిన్ వేయాలి. చక్రం నట్లను ఎదురెదురుగా, క్రమంగా, వాటికి చెప్పిన టార్కుకు బిగించాలి. కారు సమంగా నిలిచి ఉన్నప్పుడు గేర్ ఆయిల్‌ను సరియైన మట్టం వరకు నింపాలి.

మొదట టౌన్‌షిప్ లోపలే నెమ్మదిగా నడిపి, ఆగి, హబ్‌ను, సీల్‌ను, నూనె జాడను చూడాలి. యాభై కిలోమీటర్ల తరువాత చక్రం నట్ల బిగువును మరల పరీక్షించాలి.

ఎక్కడ ఆగాలి

కర్మాగారంలో పని ఆపమని చెప్పే అధికారం ప్రతివారికీ ఉన్నది. ఇంటి వద్ద ఆ అధికారాన్ని మన మీద మనమే వినియోగించుకోవాలి. షాఫ్ట్ పళ్ళు హబ్‌లో తుప్పు పట్టి మితమైన దెబ్బలకు కదలకపోతే ఆగండి. దానికి ప్రెస్ కావాలి, సుత్తి బరువు పెంచడం పరిష్కారం కాదు. బాల్ జాయింట్ బోల్టు తుప్పుతో విరిగితే ఆగండి. గేర్‌బాక్స్‌లో సీల్ కూర్చునే చోట గీత పడినా, షాఫ్ట్ తీసినప్పుడు నూనెలో లోహపు ముక్కలు కనిపించినా ఆగండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గల కార్లు, మధ్యలో అదనపు బేరింగుతో రెండు ముక్కలుగా ఉండే షాఫ్ట్ గల కార్లు మొదటి ప్రయత్నానికి తగినవి కావు. చీకటి పడితే ఆగండి. సోమవారం ఉదయం డ్యూటీకి కారే కావాలన్న తొందర ఉంటే అసలు మొదలుపెట్టకండి. తొందర ఉన్నవాడు స్టాండ్లు వెదకడు.

అలా ఆగి, కారును మెకానిక్ వద్దకు చేర్పించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఏది విప్పామో, ఎక్కడ ఆగామో స్పష్టంగా చెప్పగలిగిన యజమాని మెకానిక్‌కు కూడా ఇష్టుడే. హబ్ నట్టు క్రొత్తది వేశారా, ఎంత టార్కుకు బిగించారు అని అడగగలిగితే, పని మనం చేయకపోయినా మన కారు క్షేమంగా ఉంటుంది.

మిగిలేదెంత అని కొందరు అడుగుతారు. కూలి రూపంలో మిగిలేది స్వల్పమే. స్టాండ్లు, టార్క్ రెంచి కొంటే మొదటిసారి ఏమీ మిగలదు. దక్కే లాభం వేరు. మలుపు తిరిగేటప్పుడు భార్యాబిడ్డల బరువును మోస్తున్న ఆ ఆరు గుండ్లు ఎలా పని చేస్తున్నవో, వాటిని ఏది కాపాడుతున్నదో మనకు తెలుస్తుంది. తెలిసినవాడు రబ్బరు చిరగకముందే చూస్తాడు.

వర్షాకాలం రావడానికి ముందు ఒక సాయంకాలం కారు నిలిపి, ఇంజను ఆపి, స్టీరింగును పూర్తిగా ఒక వైపుకు త్రిప్పండి. చక్రం వెనుకకు టార్చి వేసి బూటు మడతలను వ్రేళ్ళతో విడదీసి చూడండి. తరువాత రెండవ వైపు చూడండి. సన్నని చీలిక కనిపిస్తే ఆ వారంలోనే బూటు మార్పించండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలును. జాకీ అక్కరలేదు, పానా అక్కరలేదు.

వేగంతో పెరిగే హోరును ప్రస్తావించాను కదా. వీల్ బేరింగులను గురించి వచ్చే సంచికలో ముచ్చటించుకుందాము.